ఆంప్ పెంచినకొద్దీ తగ్గిపోయిన బేస్: ఒక ఆర్కెస్ట్రా కేసు

నేను గిటార్లు సెటప్ చేస్తాను, రిపేర్లు చేస్తాను, సీజన్లో లైవ్ సౌండ్‌కి కూడా వెళ్తుంటాను. బేస్ గిటార్ వాయించేవాళ్ళ నుంచి నేను ఎక్కువగా వినే ఫిర్యాదు ఒకటే: "ఇంట్లో అదిరిపోతోంది అన్నా, స్టేజీ ఎక్కితే వినపడట్లేదు." అలా వచ్చిన ఒక కుర్రాడి కేసు ఇది. రాయడానికి కారణం ఏమిటంటే, ఇందులో వస్తువుల తప్పు దాదాపు లేదు, అయినా అతను అప్పటికే వస్తువుల మీద లక్ష రూపాయల పైన పెట్టేశాడు. మనిషిని, టీమ్‌ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. సౌండ్‌కి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

నేపథ్యం

కోస్తాలో ఒక పట్టణం. పెళ్ళిళ్ళు, సంగీత్‌లు, జాతర్లు, కాలేజీ ఫంక్షన్లు చేసే ఆర్కెస్ట్రా. ఇద్దరు సింగర్లు, కీబోర్డు, డ్రమ్స్, ప్యాడ్స్, లీడ్ గిటార్, బేస్. టీమ్ నడిపేది కీబోర్డు ఆయనే, వయసులో పెద్దాయన, అందరూ మాస్టారు అంటారు. కుర్రాడికి చేతిలో పని ఉంది. ఇళయరాజా పాటల్లో బేస్ లైన్ పక్కనే ఇంకో పాట పాడుతున్నట్టు వెళ్తుంటుంది కదా, అలాంటివి తడుముకోకుండా వాయిస్తాడు. అందుకే వాయించడం రాక వినపడట్లేదేమో అన్న అనుమానం మొదట్లోనే పక్కన పెట్టాను.

మొదట్లో అతని దగ్గర నాలుగు తీగల ప్యాసివ్ బేస్ (లోపల బ్యాటరీ లేనిది) ఉండేది. ఫెండర్ కంపెనీ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కి 1957లో రెండు ముక్కల పికప్ (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చేది) వచ్చింది, ఆ మోడల్‌కి చవక కాపీ. ఒక వాల్యూమ్, ఒక టోన్, అంతే. దానికి 100 వాట్ల కాంబో ఆంప్ (ఆంప్లిఫైయరూ స్పీకరూ ఒకే పెట్టెలో), 12 అంగుళాల స్పీకరు. వినపడట్లేదని ముందు ఐదు తీగల యాక్టివ్ బేస్ కొన్నాడు, అంటే లోపల బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ (సిగ్నల్‌ని పెంచే చిన్న సర్క్యూట్) ఉన్నది. ఆ తర్వాత 300 వాట్ల ఆంప్, 15 అంగుళాల స్పీకరుతో. ఆపైన ఒక మల్టీ ఎఫెక్ట్స్ పెడల్. నా దగ్గరికి వచ్చింది ఆ యాక్టివ్ బేస్‌లో ప్రీఆంప్ తీసేసి ఇంకా ఖరీదైనది పెట్టించుకోడానికి.

ప్రీఆంప్ పెట్టి డబ్బులు తీసుకుంటే నాకు అరపూట పని. కానీ మూడు వస్తువులు మార్చినా ఫిర్యాదు ఒక్క అక్షరం కూడా మారలేదంటే, నాలుగోది మారిస్తే తీరుతుందని నమ్మడానికి ఆధారం ఏముంది? అందుకే పని మొదలుపెట్టకుండా ఒక ప్రశ్న అడిగాను. వినపడట్లేదని ఎవరన్నారు, ఎక్కడ నిలబడి అన్నారు?

అసలు ఫిర్యాదు ఒకటి కాదు

అడిగి రమ్మంటే అడిగొచ్చాడు. వినపడట్లేదు అన్నది అతను, స్టేజీ మీద నిలబడి. ఈవెంట్ మేనేజరు కూడా అదే మాటన్నాడు, కానీ ఆయన ఉండేది భోజనాల వైపు పక్కన. సింగర్లు మాత్రం "బేస్ చెవులు పగలగొడుతోంది, మా గొంతు మాకు వినపడట్లేదు" అన్నారు. అందరి సౌండ్‌నీ కలిపి హాలుకి పంపే మిక్సర్ దగ్గర కూర్చునే అతను ప్రతి ప్రోగ్రాంలో "బేస్ ఎక్కువైంది తమ్ముడూ, కొంచెం తగ్గించు" అంటాడట. ఒకే బేస్, ఒకే రాత్రి. ఒకరికి లేదు, ఒకరికి ఎక్కువ, ఇంకొకరికి భరించలేనంత.

ఇంకో చిన్న సంగతి కూడా బయటపడింది. బయట గ్రౌండ్లో వేసే స్టేజీల మీద ఇంత బాధ ఉండదట, ఫంక్షన్ హాళ్ళలోనే ఎక్కువట. బేస్‌లోనో ఆంప్‌లోనో లోపం ఉంటే దానికి హాలు, గ్రౌండు తేడా తెలియదు. ఈ ఒక్క మాటతో నా అనుమానం వస్తువు మీంచి స్థలం మీదికి మారింది.

అయినా బేస్‌ని ఒకసారి చూశాను, ఎందుకంటే చూడకుండా బాగుందనడం కూడా తప్పే. సముద్రం దగ్గరి గాలికి నెక్ కొంచెం వంగింది. మొదటి ఫ్రెట్టు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీత), చివరి ఫ్రెట్టు దగ్గర తీగని నొక్కిపట్టి చూస్తే మధ్యలో అర మిల్లీమీటరు పైన సందు కనిపించింది. ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) తిప్పి 0.3 మిల్లీమీటర్లకి తెచ్చాను, తీగల ఎత్తు సరిచేశాను. వాయించడానికి హాయిగా అయింది. షాపులో కింది ఈ (E) స్వరం నుంచి పైకి ఒక్కో ఫ్రెట్టు సమానంగా వాయిస్తే అన్ని స్వరాలూ సమానంగానే వినిపించాయి. బేస్‌కి రోగం లేదని అక్కడితో తేలిపోయింది.

ఇంతకుముందు ప్రయత్నించినవి ఎందుకు పని చేయలేదు

300 వాట్ల సంగతి. వాట్లు రెండింతలైతే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెండింతలు గట్టిగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతల వాట్లు. 100 నుంచి 300కి వెళ్తే స్పీకరు అలాంటిదే అయినప్పుడు వచ్చేది 5 డెసిబెల్స్ లోపే. ఆ 5 కూడా జనంలోకి వెళ్ళలేదు. వెనకనుంచి సింగర్ల మైకుల్లోకి వెళ్ళింది, వాళ్ళు గొడవ చేశారు, మిక్సర్ అతను స్టేజీ మీది మోతని తగ్గించలేక తన చేతిలో ఉన్న పీఏలోంచి (జనానికి వినిపించే పెద్ద స్పీకర్లలోంచి) బేస్ తగ్గించాడు. ఆంప్ పెరిగింది, హాల్లో బేస్ తగ్గింది. కుర్రాడు ఇంకా పెంచాడు, అతను ఇంకా తగ్గించాడు.

ఐదో తీగ సంగతి ఇంకా విచిత్రం. నాలుగు తీగల్లో కింది ఈ (E) తీగ 41 హెర్ట్జ్. ఐదు తీగల బేస్‌లో కింది బి (B) తీగ దాదాపు 31. మన హాళ్ళకి వచ్చే 18 అంగుళాల బేస్ బాక్సులు చాలావరకు 40 దగ్గరికొచ్చేసరికే చేతులెత్తేస్తాయి. అంటే ఆ తీగ మీద లాగినప్పుడు ఆంప్ పవర్ ఖర్చవుతుంది, స్పీకరు కోను ఊగుతుంది, వినపడేది మాత్రం కొంచెమే. ఐదు తీగల బేస్ వద్దనడం లేదు నేను, చెయ్యి జరపకుండా వాయించుకోడానికి అది బాగుంటుంది. బలం కోసం మాత్రం కొనకూడదు.

ఇక అతని ఈక్యూ, అంటే కింది, మధ్య, పై సౌండ్‌లని విడివిడిగా పెంచే, తగ్గించే నాబులు. బేస్ నాబ్ మూడొంతులు పైకి, ట్రెబుల్ పైకి, మిడ్ కిందికి. దాదాపు ప్రతి బేస్ ప్లేయరూ గదిలో ఇలాగే పెట్టుకుంటాడు, దానికి కారణం చెవిలోనే ఉంది. తక్కువ సౌండ్‌లో మన చెవి కింది ఫ్రీక్వెన్సీలని సరిగ్గా పట్టదు. ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. గదిలో అమ్మానాన్నలు తిట్టకుండా చిన్నగా వాయించుకుంటే కింద వెలితిగా అనిపిస్తుంది, పెంచుతాం, నిండుగా అవుతుంది. అదే సెట్టింగ్ స్టేజీ మీదికి తీసుకెళ్తే ఆ కింది జాగాలో అప్పటికే కిక్ డ్రమ్ కూర్చుని ఉంటుంది, ప్యాడ్స్ కూర్చుని ఉంటాయి, కీబోర్డు మీద మాస్టారి ఎడమచెయ్యి కూర్చుని ఉంటుంది. ఖాళీగా ఉన్న మిడ్ జాగాని మాత్రం ఇతను చేతులారా వదిలేసుకున్నాడు.

చిన్న ఫోన్ స్పీకర్లో 41 హెర్ట్జ్ రానే రాదు, అయినా పాటలో బేస్ లైన్ ఏం వాయిస్తోందో మనకి తెలుస్తుంది. ఎలా? ఆ స్వరానికి పైన 82, 123, 164 దగ్గర ఉండే స్వరాంశాలు వినపడితే చాలు, కింది స్వరాన్ని మెదడే పూరించుకుంటుంది. వేళ్ళ చప్పుడు, తీగ గరుకుతనం 700 నుంచి పైకి ఉంటాయి. జనం "బేస్ బాగా వినపడింది" అనేది చాలాసార్లు వీటినే.

మొదటి చికిత్స, అది విఫలమైన తీరు

అందుకని మొదటి నిర్ణయం: మిడ్ పెంచు, బేస్ నాబ్ మధ్యకి తీసుకురా, ట్రెబుల్ కొంచెం తగ్గించు. షాపులో వాయించి మొహం చిట్లించాడు. "డబ్బాలో వాయించినట్టుంది అన్నా" అన్నాడు. ఒంటరిగా వింటే అలాగే ఉంటుంది, గుంపులో విను అని పంపించాను.

తర్వాతి ప్రోగ్రాంలో పరిస్థితి ఇంకా పాడైంది. ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఇప్పుడు ఈవెంట్ మేనేజరుకే కాదు, ఎవరికీ బేస్ లేదట.

సిద్ధాంతం ప్రకారం ఇలా జరగకూడదు. కాబట్టి సిద్ధాంతం సరిగ్గా ఉండి, మధ్యలో ఇంకెవరో దాన్ని రద్దు చేస్తూ ఉండాలి. ఆంప్ వెనక ఫోటో పెట్టమన్నాను. ఫోటోలో బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ (మిక్సర్‌కి కేబులు వెళ్ళే చోటు) పక్కన ఒక చిన్న బటన్ ఉంది, ప్రీ, పోస్ట్ అని. ప్రీలో పెడితే బేస్ సౌండ్ ఆంప్ నాబుల కన్నా ముందే విడిపోయి నేరుగా మిక్సర్‌కి పోతుంది. పోస్ట్‌లో పెడితే నాబులన్నీ తిప్పిన తర్వాతి సౌండ్ పోతుంది. అతనిది పోస్ట్‌లో ఉంది. ఎప్పటినుంచి అంటే, కొన్న రోజు నుంచి.

అప్పుడు అర్థమైంది. స్టేజీ మీద తనకి వినపడటం కోసం అతను తిప్పిన ప్రతి నాబూ హాలంతటికీ సౌండ్ మార్చేస్తోంది. మిక్సర్ అతనికి ఆ సంగతి తెలియదు, అతనికి వినిపించేది హఠాత్తుగా మారిపోయే బేస్. దాన్ని సరిచేయడానికి బోర్డు మీద ఎదురు ఈక్యూ పెడతాడు. మనం మిడ్ పెంచితే ఆయన 800 హెర్ట్జ్ దగ్గర కోసేశాడు, ఫేడరు (బోర్డు మీద వాల్యూమ్ జరిపే మీట) కూడా దించాడు. ఒక బండికి ఇద్దరు డ్రైవర్లు, రెండు స్టీరింగులు, ఒకరికొకరు కనపడరు. టోన్ గురించి ఎన్ని గంటలు మాట్లాడినా ఈ తగువు తీరదు.

హాల్లో చూసినవి

తర్వాతి సంగీత్‌కి నేనూ వెళ్ళాను. సౌండ్ చెక్‌లో కుర్రాణ్ణి కింది ఈ (E) నుంచి ఒక్కో స్వరం నిదానంగా, ఒకే బలంతో వాయించమని చెప్పి హాలంతా తిరిగాను.

మిక్సర్ పెట్టింది హాలు వెనక మూలలో. కరెంటు పాయింటు అక్కడుందని, డెకరేషన్‌కి అడ్డం రాదని ఎప్పుడూ అక్కడే పెడతారు. కింది ఫ్రీక్వెన్సీలు గోడలు కలిసే మూలల్లో పోగుపడతాయి. అక్కడ నిలబడితే బేస్ నిజంగానే దడదడలాడుతోంది. నాలుగడుగులు ముందుకొస్తే సగం తగ్గింది. "బేస్ ఎక్కువైంది" అని ఆయన ఇన్నాళ్ళూ అన్నది అబద్ధం కాదు, ఆయన కుర్చీలో అది నిజమే.

బేస్ బాక్సులు స్టేజీకి కుడి ఎడమల ఒక్కో గుట్టగా పెట్టారు. రెండు వైపుల నుంచి సమాన దూరంలో, అంటే సరిగ్గా మధ్యలో పెళ్ళివారి సోఫాల దగ్గర రెండూ కలిసి గట్టిగా వస్తాయి. పక్కకి జరిగితే ఒక గుట్ట దగ్గర, ఇంకోటి దూరం. 60 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 5.7 మీటర్లు. రెండు గుట్టల దూరాల్లో తేడా 2.85 మీటర్లు ఉన్నచోట ఆ స్వరం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఈవెంట్ మేనేజరు నిలబడే చోటు దాదాపు అలాంటిదే.

ఇక స్టేజీ మీద. ఎఫ్ దగ్గరికొచ్చేసరికి, డి తీగ మూడో ఫ్రెట్టు, సౌండ్ గుంటలో పడ్డట్టు తగ్గిపోయింది. పక్కనున్న జి మళ్ళీ మామూలే. ఆంప్ ముందుభాగం నుంచి వెనక గోడకి టేపు పెట్టి కొలిస్తే మీటరు ఉంది. గోడకి తగిలి తిరిగొచ్చే శబ్దం రెండు మీటర్లు ఎక్కువ నడుస్తుంది. నాలుగు మీటర్ల తరంగానికి అది సరిగ్గా సగం, అంటే ఎదురు దిశలో వచ్చి కలుస్తుంది. శబ్ద వేగం సెకనుకి 343 మీటర్లు, నాలుగుతో భాగిస్తే 86 హెర్ట్జ్. ఆ ఎఫ్ 87. గ్రౌండ్ స్టేజీల వెనక గుడ్డే ఉంటుంది, గోడ ఉండదు, అందుకే అక్కడ ఈ బాధ లేదు. ఆంప్‌ని గోడకి ఆనించేస్తే ఆ గుంట పైకి, బేస్‌కి అంతగా పట్టింపు లేని చోటికి జరిగిపోతుంది. ఆనించాం, ఎఫ్ తిరిగొచ్చింది. పైసా ఖర్చు లేదు.

ఆంప్ నేల మీద ఉంది, అతను దానికి రెండడుగుల ముందు నిలబడతాడు. సౌండ్‌లో స్పష్టంగా ఉండే భాగమంతా అతని మోకాళ్ళకి వాయిస్తోంది. ఒక ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టబోయారు, వద్దని గట్టి ఫ్లైట్ కేసు (సామాను మోసే పెట్టె) మీద, కొంచెం వెనక్కి వాల్చి పెట్టించాను. అప్పుడు లీడ్ గిటార్ అతను "బేస్ తరంగం పూర్తవ్వాలంటే ఇరవై అడుగులు కావాలి కదన్నా" అన్నాడు. ఈ మాట ఎక్కడ పుట్టిందో గానీ అందరి నోటా వింటాను. అదే నిజమైతే చెవికి అంగుళం దూరంలో ఉండే హెడ్‌ఫోన్‌లో బేస్ ఎలా వస్తోంది మరి?

పని చేసింది

మొట్టమొదట బటన్ ప్రీకి మార్చాం. ఇకనుంచి ఆంప్ అతని సొంతం, తన చెవి కోసం ఎలాగైనా తిప్పుకోవచ్చు, హాలుకి పోయేది మారదు. దానికి బదులుగా ఒక షరతు: ఆంప్ వాల్యూమ్ సింగర్లు ఒప్పుకున్నంతే. మిక్సర్ ఆయన్ని లేపి సోఫాల వరసకి, భోజనాల వైపుకి నడిపించాను. చెప్పాల్సిన పని లేకపోయింది, వచ్చి తనే ఫేడరు పైకి జరిపాడు, 800 దగ్గర కోత తీసేశాడు. 40 హెర్ట్జ్ కింది సౌండ్‌ని కోసేసే హై పాస్ ఫిల్టర్ పెట్టాం. కిక్‌కి 60 చుట్టుపక్కల చోటిచ్చి, బేస్‌ని అక్కడ కొద్దిగా తగ్గించి దాని పై భాగాన్ని వదిలేశాం. మిక్సర్ ఆయన పనివాడే, ఇన్నాళ్ళూ తప్పు చోట కూర్చుని సరైన పని చేస్తున్నాడు.

మిడ్ ఉన్న టోన్‌కి ఇంకో లాభం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పది దగ్గరపడి ఎవరో వచ్చి తగ్గించమన్నారంటే సౌండ్ వాళ్ళు ముందు తగ్గించేది బేస్ బాక్సులనే. పూర్తిగా కింది సౌండ్ మీదే ఆధారపడ్డవాడు అక్కడితో మాయమైపోతాడు, మిడ్ ఉన్నవాడు మిగులుతాడు.

మాస్టారి ఎడమచెయ్యి సంగతి సౌండ్‌కన్నా కష్టమైంది. చాలా పాటల్లో ఆయన కీబోర్డుని రెండుగా విడగొట్టి ఎడమచేత్తో బేస్ పట్టుకుంటారు, బేస్ ప్లేయర్ లేని రోజుల్లో అలవాటైంది. గిటారు ఏ మాత్రం శ్రుతి జరిగినా, ఒకరు 55 హెర్ట్జ్, ఇంకొకరు 56 వాయిస్తే, సెకనుకోసారి సౌండ్ ఉబ్బి తగ్గుతుంది. పెద్దాయనకి చెయ్యి తీయమని కుర్రాడు చెప్పలేడు, చెప్పకూడదని నా అభిప్రాయం కూడా. కాబట్టి ఆయన బేస్ పట్టే పాటల్లో ఇతను పై ఆక్టేవ్‌కి (పై స్థాయికి) వెళ్ళాలని, కొన్ని చరణాల్లో ఊరికే ఉండాలని అనుకున్నాం. ఒక రిహార్సల్‌లో ఇతను ఆగిపోతే ఆయనే తలెత్తి "ఏరా, వాయించవేం?" అన్నారు. "మీరు పట్టుకున్నారు కదా మాస్టారూ." కొన్ని పాటలు ఆయన వదిలేశారు, అన్నీ కాదు. రికార్డెడ్ ట్రాక్ మీద పాడే పాటల్లో ట్రాక్‌లోనే బేస్ ఉంటుంది, అక్కడ ఇప్పటికీ ఇతనికి పెద్ద పని లేదు.

వాయించే చేతి సంగతి మొదట్లో పక్కన పెట్టాను. చేతిలో తప్పు లేదు, స్వరం పొడవులో ఉంది. గోడలన్నీ గ్రానైటు, అద్దాలు ఉన్న హాల్లో సౌండ్ ఆగాక కూడా తిరుగుతూనే ఉంటుంది. ఇతను ప్రతి స్వరాన్నీ పూర్తిగా మోగనిస్తాడు, ఒకదాని తోక ఇంకోదాని తల మీద పడుతుంది. అమెరికాలో మోటౌన్ రికార్డు కంపెనీ పాటల వెనక వాయించిన జేమ్స్ జేమర్సన్ బేస్‌లో, బ్రిడ్జి కవరు కింద, తీగలకి ఆనుకుని ఒక స్పాంజి ముక్క ఉండేది. ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు నున్నగా ఉండే) తీగలు, వాయించేది ఒకే వేలితో. గిన్నెలు తోమే కొత్త స్పాంజి ఒకటి తెప్పించి, గరుకు పొర ఒలిచేసి, వేలెడు వెడల్పు పట్టీ కోసి, పాత నాలుగు తీగల బేస్ బ్రిడ్జి ముందు తీగల కింద దూర్చాను. గట్టిగా నొక్కుకుంటే టప్ టప్‌మని చచ్చిన సౌండ్ వస్తుంది, తీగని ముట్టీ ముట్టనట్టు ఉండాలి. రెండుసార్లు పైపొర చెక్కాక సరిపోయింది. ప్రతి స్వరం మొదలూ చివరా విడివిడిగా తెలిసింది. పాత ప్యాసివ్ బేసే హాళ్ళకి మళ్ళీ బయటికొచ్చింది.

ప్యాసివ్ బేస్‌తో ఒక జాగ్రత్త ఉంది. ఆంప్ మోసుకెళ్ళని ఊళ్ళలో ఇతను పది మీటర్ల కేబులుతో నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో పెట్టేవాడు. ఆ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) 10 కిలో ఓమ్‌ల ప్రాంతంలో ఉంటుంది, ప్యాసివ్ పికప్‌కి 1 మెగా ఓమ్ కావాలి. సౌండ్ నీరసంగా, దుప్పటి కప్పినట్టు వస్తుంది. ఈ కేసులో నేను కొనిపించిన ఒకే ఒక వస్తువు యాక్టివ్ డీఐ బాక్సు, గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే డబ్బా. జనరేటర్ మీద హమ్ (గుయ్యిమనే శబ్దం) వస్తే దాని మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (ఆడియో కేబులు గ్రౌండ్‌ని విడదీసేది) వాడాలి. ప్లగ్గులో మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, విరగ్గొట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది. ఆ ఆంప్‌లో ఎప్పుడైనా కరెంటు లీకైతే అది తీగల మీదికి వస్తుంది, చేతిలో తీగలు, పెదాల దగ్గర మైకు. హమ్ భరించొచ్చు.

ఇప్పుడు

సింగర్ల గొడవ పోయింది, మిక్సర్ ఆయన "తగ్గించు" అనడం మానేశాడు. ఈవెంట్ మేనేజరు నిలబడే చోట మాత్రం బేస్ ఇప్పటికీ తక్కువే. బాక్సులన్నీ స్టేజీ ముందు మధ్యలో ఒకే గుట్టగా పెడితే అది తీరుతుంది, కానీ అక్కడ పూల డెకరేషన్ ఉంటుంది, ఫోటోగ్రాఫర్లు ఒప్పుకోరు, పెళ్ళివారు అసలే ఒప్పుకోరు. ప్రీఆంప్ మార్పించుకునే ఆలోచన మానుకున్నాడు. పోయిన వారం ఒక కంప్రెసర్ పెడల్ (సౌండ్ హెచ్చుతగ్గుల్ని తగ్గించేది) లింకు పంపి "ఇది తీసుకోనా అన్నా" అని అడిగాడు. దేనికి అని అడిగాను, ఇంకా జవాబు రాలేదు.